బొగ్గు గేటు

మనుషుల్లోనే కాదు, స్టేషన్లలో కూడా రెండు మొహాలవి ఉంటాయి. ఈ స్టేషన్ ముందు మొహం పెళ్ళికొడుకు మొహం. పెద్ద గడియారం, టికెట్ల హాలు, వీధిలోకి దిగే రాతి మెట్లు, మెట్లకు ఇనుప కమ్మీ. వెనక మొహం తోమని గిన్నె అడుగు. అక్కడ రెండో ప్లాట్‌ఫారం, దాని చివర తుప్పు పట్టిన చిన్న గేటు, గేటు దాటితే ఇరుకు సందు. నగరం నుంచి వచ్చే బండ్లన్నీ ఆ రెండో ప్లాట్‌ఫారం మీదే ఆగుతాయి. దిగినవాళ్ళు వంతెన ఎక్కి, పట్టాలు దాటి, ముందు మెట్ల మీదుగా బయటికి పోవాలని రూలు. సందులో కాపురాలున్న వాళ్ళకు అంత ఓపిక ఎక్కడిది? గేటు తోసుకుని చక్కా ఇంటికి పోతారు. ఒకప్పుడు బొగ్గుబండ్లు వచ్చే దారి కాబట్టి దాన్ని ఇప్పటికీ బొగ్గు గేటనే అంటారు. బొగ్గు పోయి చాలా ఏళ్ళయింది, పేరుకు అంటిన మసి మాత్రం పోలేదు.

ఈ స్టేషన్‌లో మైకు ముందు కూర్చుని రాకపోకలు చెప్పే ఆవిడను అందరూ మైకమ్మ అంటారు. పైకి ఊరంతా వినపడే గొంతు, ఇంట్లో మాత్రం గట్టిగా తుమ్మదు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మా తనూ ఆ సందులోనే ఉంటారు.

మైకమ్మ రోజూ చదవాల్సిన ప్రకటన ఒకటుంది. "ప్రయాణికులకు విజ్ఞప్తి. పిల్లలను కిటికీల గుండా అందించరాదు." ఎందుకంటే ఆఫీసు వేళ బండి ఎక్కడమంటే మాటలు కాదు. చంకలో బిడ్డ ఉన్న తల్లి తలుపు దగ్గర నలిగిపోవడమెందుకని, లోపల కూర్చున్న ఏ ఆడమనిషికో బిడ్డను కిటికీలోంచి అందించేస్తుంది. తర్వాత జనాన్ని ఈదుకుంటూ లోపలికొచ్చి, "అక్కా, ఎక్కేశాను, పిల్లనివ్వు" అంటుంది. ఎవరికి ఎవరు అక్కో దేవుడికే తెలియాలి. తాతల నాటి అలవాటు. మైకమ్మ చెప్పేది చెబుతూనే ఉంటుంది, అందించేవాళ్ళు అందిస్తూనే ఉంటారు.

ఆ ప్రకటనను చెవులు రిక్కించి వినే మనిషి ఒక్కతే. ముందు మెట్ల పై మెట్టు మీద కూర్చుని పిన్నులూ దువ్వెనలూ ఉంగరాలూ అమ్మే పిన్ని. పిన్నులు అమ్ముతుంది కాబట్టి పిన్నుల పిన్ని. ఆవిడ వ్యాపారం చూస్తే నవ్వొస్తుంది. వీధి వైపు వీపు పెట్టి, స్టేషన్ తలుపు వైపు తిరిగి కూర్చుంటుంది. బయటికి వచ్చేవాళ్ళ మొహాలు చూడదు, చేతులు చూస్తుంది.

"సగం గిరాకీకి వీపు చూపించే వ్యాపారం నీదొక్కదానిదే పిన్నీ," అని మైకమ్మ వేళాకోళం చేసేది.

"మొహం చూస్తే ఏం తెలుస్తుందే? చెయ్యి చూస్తే ఉంగరం సైజు తెలుస్తుంది," అనేది పిన్ని. మళ్ళీ తనే, "ఆ కిటికీల సంగతి ఇవాళ ఒక్కసారే చెప్పావేం? ఇంకోసారి చెప్పు. గట్టిగా చెప్పు," అనేది.

సరేలే, పెద్దావిడ, చాదస్తం అనుకుని మైకమ్మ ఇంకోసారి చెప్పేది. టీ తాగితే పిన్నితోనే తాగేది. ఎందుకో ఆవిడ పక్కన కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉండేది.

మైకమ్మకు లోపల ఒక ముల్లు ఉంది. ఆమెకు పదేళ్ళప్పుడు అమ్మ రెండో ప్లాట్‌ఫారం మీదున్న ఆడవాళ్ళ వెయిటింగ్ రూమ్‌లోకి తీసుకెళ్ళి, గోడవారనున్న చెక్కబల్ల చూపించింది. "నువ్వు నా కడుపున పుట్టలేదమ్మా. నీ కన్నతల్లి ఎవరో నిన్ను ఈ బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. ఎవరి నోటో వినేకంటే నా నోట వినడం మంచిదని చెబుతున్నా." పిల్ల ఏడవలేదు. ఆ రాత్రి కూడా ఎప్పటిలాగే అమ్మ ఆరో వేలు పట్టుకుని పడుకుంది. అమ్మ కుడిచేతికి బొటనవేలి పక్కనే ఇంకో చిట్టి వేలుంది. చిన్నప్పుడు తన ఊళ్ళో అందరూ దాన్ని చూసి నవ్వేవాళ్ళట, అప్పటి నుంచీ అమ్మ దాన్ని శాలువా కింద దాచుకునేది. పిల్లకు మాత్రం ఆ వేలు దొరికితేనే నిద్ర.

కానీ ముల్లు ముల్లే. చెప్పుల జత మరిచిపోయినట్టు బల్ల మీద పెట్టి పోవడానికి తనలో ఏం తక్కువైంది? ఉద్యోగానికి వేరే చోటు దొరికినా ఇక్కడికే పట్టుబట్టి వచ్చింది. ఏదో ఒక రోజు ఎవరో ఒకావిడ ఆ గదిలోకి వచ్చి ఆ బల్ల వైపు చూసి కళ్ళు తుడుచుకుంటుందని ఆశ. అంత పిచ్చి ఆశ ఇంకెవరికైనా ఉంటే మైకమ్మే నవ్వేది. డ్యూటీ ఎక్కేముందు రోజూ వెళ్ళి ఆ బల్లను ఒకసారి తాకేది.

ఇంతలో స్టేషన్‌ను కొత్తగా కట్టాలని పైనుంచి ఆర్డరు వచ్చింది. వెనకవైపంతా పడగొట్టాలి. పనులు మొదలవగానే బొగ్గు గేటు మూసి తాళం వేశారు. స్టేషన్ మాస్టరు మైకమ్మను పిలిచి, "పడగొట్టే ముందు స్టేషన్ కథ నాలుగు ముక్కలు మైకులో చెబుదాం. ఏది ఎప్పుడు కట్టారో కనుక్కోండి," అన్నాడు.

కనుక్కోవడానికి పిన్ని కంటే ఎవరున్నారు? టీ గ్లాసు అందిస్తూ మైకమ్మ అడిగింది. పిన్ని మంచి హుషారుగా చెప్పుకుపోయింది. మొదట ఒకటే లైను ఉండేదట. రెండో లైను వేశాక ఆ ప్లాట్‌ఫారం వచ్చిందట. వంతెన చెక్కది, వానొస్తే జారేదట.

"మరి ఆడవాళ్ళ గది?"

"అదా, అది నిన్న గాక మొన్నటిది. నేనిక్కడ కూర్చోడం మొదలెట్టిన చాలా ఏళ్ళకి కట్టారు. అంతకుముందు అక్కడ బొగ్గు గుట్టే కదా. ఆ గేటు కూడా బొగ్గుబండ్లకే అనుకునేదాన్ని, మనుషులు పోతారని నాకు చానాళ్ళు తెలీనే తెలీదు."

"నువ్వు ఎన్నేళ్ళ నుంచి కూర్చుంటున్నావు?"

"నీకెన్నేళ్ళే?"

మైకమ్మ చెప్పింది.

"ఇంచుమించు అన్నే."

మైకమ్మ నవ్వేసింది. పిన్ని లెక్కలు గాలిలో లెక్కలు, పొరపాటు పడి ఉంటుంది అనుకుంది. అయినా టీ సగంలో వదిలేసి వంతెనెక్కింది. వెయిటింగ్ రూమ్‌లో పనివాళ్ళు గోడల సున్నం గీకుతున్నారు. తలుపు పైనున్న రాతి మీద ఏళ్ళ తరబడి పేరుకున్న సున్నం రేకులు రేకులుగా ఊడింది. కింద చెక్కిన అంకెలు బయటపడ్డాయి. గది కట్టిన సంవత్సరం.

మైకమ్మ ఒకసారి చదివింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చదివింది. ఆ ఏడు ఆమె బడిలో రెండో తరగతి చదువుతోంది.

గది ఆమె కంటే చిన్నది. పుట్టని గదిలో, చెయ్యని బల్ల మీద ఆమెను ఎవరు పడుకోబెట్టారు? రోజూ తాకిన బల్ల మీదే కూలబడబోయి, దెయ్యాన్ని చూసినట్టు వెనక్కి తగ్గింది. "ఏమైందమ్మా, దుమ్ము పడిందా?" అని మేస్త్రీ అడిగాడు. అవునని తలూపింది. ఆ పూట మైకులో ఏ బండి పేరు ఏ ప్లాట్‌ఫారానికి అంటగట్టిందో ఆమెకే తెలియదు.

సాయంత్రం ఇంటికెళ్ళేసరికి అమ్మ కిటికీ దగ్గర కూర్చుని ఉంది. రెండు కళ్ళకూ పొర కమ్మి మనుషులు నీడల్లా కనపడుతున్నారు. తెల్లవారితే నగరంలో కంటి ఆపరేషన్.

"అమ్మా, నేను దొరికింది ఎక్కడ?"

"ఎన్నిసార్లు చెప్పాను, ఆ గదిలో..."

"ఆ గది అప్పటికి లేదు."

అమ్మ చెయ్యి శాలువా కిందికి పోయింది. "బయట బల్ల మీదేమో. ముసలిదాన్ని, ఏం గుర్తుంటుంది," అంది. ఆ గొంతులో అబద్ధం నీళ్ళ మీద నూనెలా తేలింది. మైకమ్మకు కోపం రాలేదు, భయం వేసింది.

"రేపు బొగ్గు గేటు తీసి ఉంటుందా?" అని అడిగింది అమ్మ.

"మూసేశారు. ముందు మెట్ల మీద నుంచే పోవాలి."

"అయితే నేను రాను. కళ్ళు లేకపోతే లేకపోయె."

అప్పుడు తట్టింది మైకమ్మకు. తను పుట్టి బుద్ధెరిగాక అమ్మ ఒక్కసారి కూడా ముందు మెట్లెక్కలేదు. బొగ్గు గేటు దగ్గర కాబట్టి అనుకుంది. కానీ తనకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా, ముందు హాల్లో మాస్టరు అందరికీ టీ ఇప్పించిన రోజు కూడా, అమ్మ రాలేదు. నడుం నొప్పి అంది.

"మెట్ల దగ్గర ఎవరైనా కూర్చుంటారా?" అమ్మ మెల్లిగా అడిగింది.

"మన పిన్ని కూర్చుంటుంది. ఎందుకు?"

అమ్మ శాలువా ఇంకాస్త దగ్గరకు లాక్కుంది.

పొద్దున్నే బతిమాలి, కసిరి, చివరికి చంటిపిల్లను తీసుకెళ్ళినట్టు తీసుకెళ్ళింది. అమ్మ కుడిచేతిని శాలువాలో గట్టిగా చుట్టుకుంది. ఎడమచేయి మైకమ్మ భుజం మీద. ఆఫీసు వేళ, మెట్ల నిండా జనం. పై మెట్టు మీద పిన్ని ఎప్పటిలాగే వీధికి వీపు పెట్టి కూర్చుని ఉంది. ఇంకో రెండు మెట్లెక్కితే పైకి చేరినట్టే. బండి అందుకోవాలని పరిగెత్తే ఎవరో భుజం తగిలించి పోయారు. అమ్మ తూలింది. పడేవాళ్ళకు ఏ చెయ్యి దాచుకోవాలో గుర్తుంటుందా? శాలువా జారింది. కుడిచెయ్యి చటుక్కున కమ్మీ పట్టుకుంది, సరిగ్గా పిన్ని చెంప పక్కన.

పిన్ని తల తిప్పింది. చేతిని చూసింది.

ఒళ్ళో ఉన్న ట్రే జారిపోయింది. ఉంగరాలు మెట్ల మీద గణగణమంటూ దొర్లాయి. "అయ్యో పిన్నీ!" అని మైకమ్మ వంగబోయింది. పిన్ని ఆమెను చూడలేదు, ఉంగరాలను చూడలేదు. లేచి నిలబడి, కమ్మీ మీది ఆరు వేళ్ళ చేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా పట్టుకుంది. కేకలు వేయలేదు. ఆయాసపడుతూ, జనాన్ని ఈదుకుని అప్పుడే లోపలికి వచ్చినదానిలా అంది.

"అక్కా, ఎక్కేశాను. పిల్లనివ్వు."

మైకమ్మకు ముందు అర్థం కాలేదు. రోజూ వినే మాటే కదా. తర్వాత అర్థమైంది. అర్థమవుతూనే చెవుల్లో హోరు మొదలై, ఎదురుగా నోళ్ళు కదులుతున్నాయే గానీ మాటలు ఆలస్యంగా వచ్చాయి.

"పెద్ద జంక్షన్లో కిటికీలోంచి అందించాను," పిన్ని చెబుతోంది, ఎవరికో తెలియదు. "తలుపు దాకా వెళ్ళేలోపే బండి కదిలింది. మొహం చూళ్ళేదు, అందుకున్న చెయ్యే చూశాను. జంక్షన్ దాటాక బండి ఆగేది ఇక్కడే కదా, తర్వాతి బండికే వచ్చాను. దిగినవాళ్ళంతా ముందుకే వస్తారని ఇక్కడ నిలబడ్డాను. పోలీసులకు చెప్పాను. ఆరు వేళ్ళంటే నవ్వారు. నేను కదల్లేదు, ఇక్కడే కూర్చున్నాను."

మైకమ్మ అమ్మ వైపు తిరిగింది. కాదను, ఒక్కసారి కాదను అని కళ్ళతోనే అడిగింది. కళ్ళు కనపడని మనిషికి ఆ అడగడం ఎలా తెలుస్తుంది?

"తర్వాతి బండి దాకా ఆగుదామనే కూర్చున్నా," అంది అమ్మ. "నిజంగానే కూర్చున్నా, బొగ్గు గుట్ట పక్కన. అది ఏడుస్తోంది. నా ఈ వేలు పట్టుకుంది. పట్టుకుని ఊరుకుంది. అందరూ వెక్కిరించిన వేలు, ఎవరూ ముట్టని వేలు... బండి కూత వినపడింది. గేటు పక్కనే ఉంది. మా అక్క ఊరికి వెళ్ళిపోయా, దీనికి నడక వచ్చాక గానీ తిరిగి రాలేదు." పిన్ని వైపు మొహం తిప్పింది. "నువ్విక్కడ కూర్చున్నావని నాకు తెలుసు. ఒకసారి దూరం నుంచి చూశాను. అప్పటి నుంచీ ఇటు రాలేదు."

తెలుసు అన్న ఆ ఒక్క మాట మైకమ్మ గుండెలో రాయిలా పడింది. మిగతావన్నీ ఏమో గానీ, అది మాత్రం నమ్మశక్యం కాలేదు. తను చిన్నప్పుడు జ్వరంతో పడి ఉంటే రెండు రాత్రులు కంటిమీద కునుకు లేకుండా కూర్చున్న మనిషి. ఆ రెండు రాత్రులూ ఇక్కడ ఈ మెట్టు ఉంది, దీని మీద ఈవిడ ఉంది, ఇద్దరికీ మధ్య రెండు ప్లాట్‌ఫారాలూ ఒక వంతెనా ఉన్నాయి. అంతే దూరం. ఆ దూరంలోనే కూర్చుని తను, పిల్లల్ని కిటికీల్లోంచి అందించకండని రోజూ ఊరికి నీతులు చెప్పింది.

ఎవరూ తనను బల్ల మీద వదిలేసి పోలేదు. ఆ ముల్లు ఊడింది. ఊడినచోట ఎంత పెద్ద గొయ్యి ఉందో ఇప్పుడే కనపడింది.

అమ్మ తడుముకుంటూ మైకమ్మ మణికట్టు పట్టుకుంది. దాన్ని తెచ్చి పిన్ని అరచేతిలో పెట్టింది. "ఇదుగో. తీసుకో," అని, చెయ్యి వదిలేసి, కమ్మీ కూడా వదిలేసి, కనపడని మెట్ల మీద ఒక్కతే వెనక్కి తిరిగింది.

పిన్ని మైకమ్మ చేతిని రెండు చేతులతో పట్టుకుని, ఎట్టకేలకు సైజు చూడకుండా, దాన్ని కళ్ళకద్దుకుని ఏడుస్తోంది. నగరానికి పోయే బండి వచ్చింది, ఆగింది, పోయింది. దాని సంగతి మైకులో చెప్పినవాళ్ళు లేరు.

మైకమ్మ ఆ చేతిని విడిపించుకోలేదు. విడిపించుకోవాలని అనుకోను కూడా లేదు. కానీ కింది మెట్టు మీద అమ్మ పాదం గాలిలో తడబడేసరికి ఆమె రెండో చెయ్యి తనంతట తానే చాచుకుంది. వెతికింది. అలవాటైన చోటే ఆ చిట్టి వేలు దొరికింది. గట్టిగా పట్టేసుకుంది. ఆ ఉదయం విన్నవాటన్నిటికంటే తన చెయ్యి చేసిన ఆ పనికే ఆమె ఎక్కువ అదిరిపోయింది.