డాలు మీద మూడు చేపలు

నినియన్ టోరేన్ దొరకి కూర్చుంటే కుదురు లేదు, నిలబడితే ఆయాసం. ఊపిరితిత్తులు చెడిపోయాయని డాక్టర్లు చేతులెత్తేశారు. పోయేలోగా తన వంశానికి మూలపురుషుడెవరో తేల్చమని నన్ను పిలిపించాడు. వంశాలు తవ్వడం నా వృత్తి. ఆ మూలపురుషుడి పక్కనే తనను పూడ్చాలని ఆయన పట్టు.

ఆ మహానుభావుడు పాడుబడిన చర్చిలో, తన సమాధి మీద రాతి బొమ్మగా, రాతి కవచం తొడుక్కుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఫ్రాన్సులోని నార్మండీ నుంచి రాజు వెంట వచ్చిన వీరుడని ఇంట్లో చెప్పుకుంటారు గానీ పేరు ఎవరికీ తెలీదు. పట్టానికొచ్చే ప్రతి టోరేనూ ఆయన పాదం తాకాలి. ఇంకెక్కడా చెయ్యి వేయకూడదు. అందుకే పాదం నున్నగా అరిగింది, మిగతా ఒళ్ళంతా నాచు పట్టింది.

"కడుగు. పాపమొస్తే నాకే," అన్నాడు దొర ఆ ఉదయం. "డాలు మీద వంశం గుర్తు చూస్తే ఎవరో తెలిసిపోతుందిగా."

తడి బ్రష్‌తో రుద్దుతుంటే నా నెత్తిన నిలబడి, "ఏం కనిపించింది? చెప్పవేం?" అని ప్రాణం తీశాడు. నాకు ఒళ్ళు మండింది. తీరా కనిపించాక పక్కకు జరిగి ఆయన్నే చూడమన్నాను.

మూడు చేపలు. ఏటి అవతల లస్కుల గేటు మీద ఉన్నవే. ఆ లస్కుల కుటుంబం ఆరు వందల ఏళ్ళుగా టోరేన్లకు పగవాళ్ళు. అంటే ఈ చర్చీ, ఈ గడ్డా టోరేన్లు వాళ్ళ దగ్గర లాక్కున్నవే.

దొర గోడ పట్టుకున్నాడు. "ఎవరికీ చెప్పకు. నాచు మళ్ళీ పడుతుంది," అన్నాడు. గుమ్మందాకా వెళ్ళి తిరిగొచ్చాడు. మళ్ళీ వెళ్ళాడు. "ఛ! ఆయన పక్కన దొంగలా పడుకోనా? కారు తియ్యి."

గ్రిజెల్ లస్క్ ముసలావిడ గేటు దగ్గరే గొర్రెలను అదిలిస్తోంది. విషయం వినేసరికి పడీపడీ నవ్వింది.

"ఇన్నేళ్ళూ మీ దొరలంతా మా తాత కాళ్ళు పట్టుకున్నారా? ముందే చెబితే టిక్కెట్టు కొనుక్కుని వచ్చేదాన్ని కదయ్యా!"

"నవ్వు. నవ్వడం అయ్యాక తీసుకుపో ఆయన్ని."

"నాకెందుకు? అసలు నీకొచ్చిన కష్టమేంటో చెప్పు."

దొర దగ్గాడు. టోపీ తీశాడు. నాకు చూడబుద్ధి కాలేదు. టోరేన్లకు లస్కుల దగ్గర తీసుకోవడమే తెలుసు, అడగడం తెలీదు.

"ఆయన పక్కన... నాకు ఆరడుగుల చోటు కావాలి. ఇస్తావా?"

గ్రిజెల్ నవ్వు ఆగిపోయింది. గేటు తీసింది.

"ఇస్తాలే. అడిగావు కదా. ముందు లోపలికొచ్చి కూర్చో నినియన్, టీ పెడతాను."

ఆయన వెళ్ళి కూర్చున్నాడు. టీ చల్లారేదాకా లేవలేదు.