మిగులక్క చేతివంట

ఆ హోటల్లో ఆమెను సొంత పేరుతో పిలిచేవాళ్ళే లేరు. జీతాల గుమస్తా కూడా "మిగులక్క వచ్చిందా?" అనే అడుగుతాడు. పై అంతస్తులో ఉన్నది పెద్ద వంటిల్లు, అక్కడ అతిథులకు వండుతారు. నేలకింద ఉన్నది చిన్న వంటిల్లు, అక్కడ పనివాళ్ళకు వండుతారు. వండుతారంటే కొత్తగా ఏమీ కాదు. మధ్యాహ్నం అతిథులు తిని లేచాక, పెద్ద పళ్ళేల్లో వడ్డించకుండా మిగిలిన మాంసం సరుకుల లిఫ్టులో కిందికి దిగుతుంది. దాన్ని ఎంగిలి అన్నవాణ్ణి మిగులక్క గరిటె తిరగేసి కొట్టినంత పని చేస్తుంది. ఆ మిగులునే రాత్రి భోజనానికి డెబ్బైమంది పనివాళ్ళకు సరిపెట్టడం ఆమె ఉద్యోగం.

పదకొండేళ్ళుగా అదే పని. ఎండి చెక్కలా తయారైన కోడిమాంసాన్ని నారల్లా చీల్చి, ఉల్లిపాయలతో వేపి అన్నంలో కలిపేది. ముక్కాచెక్కా వేటమాంసాన్ని దంచి, ఉడికిన బంగాళాదుంప కలిపి బిళ్ళలు చేసి పెనం మీద కాల్చేది. ఎముకలనైతే పారేయనిచ్చేదే కాదు. వాటిని గంటలతరబడి మరిగించి, కూరగాయల తొడిమలూ తొక్కలూ కూడా అందులోనే వేసి చారు తీసేది. పైన అతిథులు వద్దన్న మాంసాన్నే కింద పనివాళ్ళు గిన్నె గీకి మరీ తినేవాళ్ళు. పెద్ద వంటింటివాళ్ళకు ఈ సంగతి లోపల్లోపల మంటగానే ఉండేది.

ఆమె పద్ధతి ఒకటే. ఒకసారి ఉడికి చల్లారిన మాంసాన్ని మళ్ళీ ఎక్కువసేపు ఉడికిస్తే చెప్పు తోలులా అవుతుంది. అందుకని ముందు ఉల్లీ టమాటా మసాలా తీరిగ్గా మగ్గించి, నూనె తేలాక, చిట్టచివర మాంసం వేసి, మంట తగ్గించి, పది నిమిషాల్లో దించేసేది. ఉప్పు వేసేదే కాదు. మాంసం తన ఉప్పు తనే తెచ్చుకుంటుంది కదా మరి.

ఇంట్లోనూ అదే వంట. హోటల్లో మిగిలిన మిగులే డబ్బాలో ఇంటికి వచ్చేది. మొగుడు లారీ మీద తిరుగుతూ నెలకు రెండుసార్లు ఇంటికొస్తాడు. ఇక మిగిలింది పాప. మిగులక్క ఈ పనిలో చేరేనాటికి దానికి ఏడాది. ఇప్పుడు పన్నెండేళ్ళు. పాప బడినుంచి వచ్చేది నాలుగింటికి, మిగులక్క పనికి వెళ్ళేది మూడింటికి. ఆమె తిరిగొచ్చేసరికి పాప గాఢనిద్రలో ఉంటుంది. పాప బడికి వెళ్ళడం మొదలైననాటినుంచి ఆమె కూతుర్ని మెలకువగా ఉండగా చూసింది పొద్దున పూట మాత్రమే, అదీ జడ వేస్తూ వెనకనుంచి. వారానికో సెలవు వచ్చేది కానీ, మొన్నటి సెలవునాడు తల్లీకూతుళ్ళిద్దరూ చుట్టాల్లా ఎదురెదురుగా కూర్చున్నారు. కాసేపటికి పాప, "పక్కింట్లో చదువుకుంటానమ్మా" అని పుస్తకాలు తీసుకుని వెళ్ళిపోయింది. మిగులక్క తలుపు వేసుకుని ఏడ్చింది.

సరిగ్గా ఆ వారంలోనే పెద్ద వంటింట్లో మాంసం వండే మనిషి పని మానేసి వెళ్ళిపోయాడు. ఆ పని పొద్దున ఆరింటినుంచి మధ్యాహ్నం మూడింటివరకు. మిగులక్క ధైర్యం కూడగట్టుకుని పెద్ద మాస్టర్ ముందు నిలబడింది. పైనున్న పొయ్యిలన్నిటికీ ఆయనే అధికారి. పదకొండేళ్ళలో ఒక్కసారైనా చిన్న వంటింటి మెట్లు దిగని మనిషి.

"చేయగలవా?" అన్నాడాయన.

"ఒక్క అవకాశం ఇవ్వండి మాస్టర్."

"సరే, గురువారం పదకొండింటికి రా. పచ్చి వేటతొడ ఇస్తాను. గంటన్నర టైము. కుక్కర్ మాత్రం ముట్టుకోకూడదు. మేనేజరుగారూ నేనూ తిని చూస్తాం."

మర్నాడు పొద్దున జడ వేస్తూ పాపకు చెప్పింది.

"అయితే సాయంత్రాలు నువ్వు ఇంట్లో ఉంటావా?"

"ఉంటాను."

"రోజూనా?"

"రోజూనే."

జడ అయిపోయాక కూడా పాప లేవకుండా అలాగే కూర్చుంది. మిగులక్కకు ఆ పని అప్పుడే చేతికి వచ్చేసినట్టు అనిపించింది.

పచ్చి మాంసం ఎంతసేపు ఉడకాలో ఆమెకు తెలియకపోవడమేమిటి, తెలుసు. అడిగితే నిద్రలో కూడా చెబుతుంది. కానీ తెలిసింది తలకి. వంట చేసేది చేతులు. వాటికి పదకొండేళ్ళుగా ఒకే దారి అలవాటు.

గురువారం సరిగ్గా పదకొండింటికి మొదలుపెట్టింది. పెద్ద వంటింట్లో వెలుతురుకే ఆమెకు కళ్ళు చెదిరాయి. చుట్టూ పదిమంది వంటవాళ్ళు పని నటిస్తూ ఆమెనే చూస్తున్నారు. అంట్లు తోమే పెద్దాయన, అందరూ గిన్నెల బాబాయ్ అంటారు, ఏదో వంకతో పైకొచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. మిగులక్క ఎవరినీ చూడలేదు. ఉల్లిపాయలు సన్నగా తరిగింది. మంట తగ్గించి బంగారు రంగు వచ్చేదాకా వేపింది. వెల్లుల్లి నూరింది, టమాటాలు తొక్క తీసి వేసింది, మిరియాలు అప్పటికప్పుడు దంచింది. ఆ గుమగుమకి నటించేవాళ్ళు నటన మానేసి నిజంగానే తలెత్తి చూశారు. గోడమీది గడియారం సంగతే ఆమెకు గుర్తులేదు. మసాలా మగ్గి అంచుల్లో నూనె తేలింది. ఇక మాంసం వెయ్యాలి అనుకుని పక్కనున్న పళ్ళెం వైపు చెయ్యి చాచింది.

చేతికి చల్లగా, ముద్దగా పచ్చి మాంసం తగిలింది.

గడియారం చూస్తే పన్నెండూ పది. ఇంకా ఇరవై నిమిషాలే. తొడ తొడలాగే ఉంది, కత్తి కూడా తగల్లేదు. దాన్ని వీలైనంత చిన్నగా కోసింది. అన్నీ ఒకేసారి వేసి, మరిగే నీళ్ళు పోసి, మంట పూర్తిగా పెంచింది. ఇక చేయడానికి ఏమీ లేదు. మంటని బతిమాలలేదు, గడియారాన్ని ఆపలేదు. మూత తీస్తే ఆవిరి పోయి ఇంకా ఆలస్యమవుతుందని తెలుసు. అయినా ఉండబట్టలేక నాలుగుసార్లు తీసి చూసింది. ముక్కలు నాలుగుసార్లూ రబ్బరులా గరిటెను ఎగరగొట్టాయి. తలుపు దగ్గర గిన్నెల బాబాయ్ తలవంచుకుని వెళ్ళిపోయాడు.

పన్నెండున్నరకి వడ్డించింది. మేనేజరు మర్యాదస్థుడు కాబట్టి ఒక ముక్క నోట్లో వేసుకుని నమిలాడు. నమిలాడు. ఇంకా నమిలాడు. చివరికి జేబురుమాలు తీసి మూతికి అడ్డం పెట్టుకుని అటు తిరిగాడు. పెద్ద మాస్టర్ మాత్రం పట్టుదలగా మింగేశాడు.

"గుజ్జు బ్రహ్మాండంగా ఉంది. ముక్క ఉడకలేదు. అది సరే, ఉప్పేదమ్మా?"

అప్పుడుగానీ ఆమెకు ఆ సంగతి తట్టలేదు. "మాంసంలో ఉంటుంది కదా అని..." అంది.

"పచ్చి మాంసంలో ఉప్పెక్కడిదమ్మా? మేక దార్లో కొనుక్కొస్తుందా?"

పెద్ద వంటిల్లంతా పగలబడి నవ్వింది. పెద్ద మాస్టర్ నవ్వలేదు. "పోనీలే, వెళ్ళు" అన్నాడు మెల్లగా. ఆ మెత్తదనమే ఆమెకు ఎక్కువ తగిలింది.

నాలుగున్నరకి పాప పక్కింటివాళ్ళ ఫోన్‌నుంచి చేసింది. "అమ్మా, ఏమన్నారు?"

"ఇంకా ఏం చెప్పలేదమ్మా" అంది మిగులక్క. పెనం తోముతూనే అబద్ధం ఆడేసింది. పాప నమ్మింది. అదే ఆమెను కాల్చేసింది.

అప్పటికే లిఫ్టు కిందికి దిగింది. ఆ రోజు మిగులులో అన్నిటికంటే పైన ఉన్నది ఆమె వండిన గిన్నే. రెండు ముక్కలు తప్ప అంతా అలాగే ఉంది.

"పారేయమ్మాయ్" అన్నాడు గిన్నెల బాబాయ్ కోపంగా. "కావాలనే పంపారు, మొహాన కొట్టినట్టు."

"మూడు కిలోల మాంసం బాబాయ్. ఎలా పారేస్తాం?"

నిజానికి పారేద్దామనే అనుకుంది. చెత్తబుట్ట దాకా మోసుకెళ్ళింది కూడా. కానీ చేతులు రాలేదు. తిరిగి తెచ్చి పొయ్యి మీద పెట్టింది. ఉప్పు వేసింది. తడి గుడ్డ చుట్టి మూత బిగించి, సన్నని సెగమీద రెండున్నర గంటలు వదిలేసింది. మధ్యలో ఒక్కసారి కూడా మూత తీయలేదు. ముక్క వేలితో నొక్కితే విడిపోయేదాకా ఉడికాక, నారలు తీసి, వెడల్పాటి పెనం మీద పలచగా పరిచి, గుజ్జు కొద్దికొద్దిగా పోస్తూ అంచులు కరకరలాడేలా వేపింది. మిరియాలు చల్లింది. ఆ వాసన లిఫ్టు గొట్టంలోంచి పై అంతస్తుకి ఎక్కిపోయింది.

ఏడున్నరకి పనివాళ్ళు కంచాలు పట్టుకుని వరసలో ఉండగా మెట్లమీద బూట్ల చప్పుడు వినిపించింది. పెద్ద మాస్టర్! వరసలోవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఆయనే ఒక కంచం తీసుకుని చాపాడు. ఒక ముద్ద తిన్నాడు, కళ్ళు మూసుకున్నాడు. కంచం ఖాళీ చేసి మళ్ళీ చాపాడు.

"ఇది మధ్యాహ్నం మాంసమేనా?"

"అదే మాస్టర్."

మిగులక్క గుండెలో చచ్చిన ఆశ లేచి కూర్చుంది. ఇంతకంటే మంచి సమయం మళ్ళీ రాదని తోచింది. "మాస్టర్, ఇంకొక్కసారి పరీక్ష పెట్టండి. ఈసారి ముందు మాంసమే వేస్తాను. ఉప్పు మర్చిపోను. మా పాపకి మాటిచ్చాను మాస్టర్."

పెద్ద మాస్టర్ ఆమె మాట సగం విన్నాడో లేదో, పనివాళ్ళ వైపు తిరిగాడు. "విన్నారా? ఈమె పైకి వస్తుందట! మాంసం వండేవాళ్ళు కావాలంటే రేపు పదిమంది దొరుకుతారు నాకు. పాడైపోయిన వంటని ఇలా తిప్పగలిగేవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకొకరు చూపించండి!" తర్వాత ఆమెతో ఆప్యాయంగా అన్నాడు. "పొద్దున్నే మేనేజరుగారికి చెబుతాను. మిగులక్కని ఈ వంటింట్లోంచి ఎవరూ కదిలించకూడదని రాసి పెట్టిస్తాను. నేనున్నంతకాలం నీ పనికి ఢోకా లేదు. సరేనా?"

అందరూ చప్పట్లు కొట్టారు. మనస్ఫూర్తిగానే కొట్టారు పాపం. గిన్నెల బాబాయ్ ఒక్కడే కొట్టలేదు. మిగులక్క ఏం చెయ్యాలో తోచక అందరికీ దండం పెట్టింది. ఆ కూర మాడ్చేసి ఉంటే బాగుండేదని అప్పుడు అనిపించింది. కానీ అలా మాడ్చడం ఆమెకు ఏనాడూ చేతకాలేదు.

పెద్ద మాస్టర్ తనే ఒక డబ్బా వెతికి, పెనం అంచున ఉన్న మంచి ముక్కలు ఏరి నింపి ఆమె చేతిలో పెట్టాడు. "పాపకి పట్టుకెళ్ళు. వేడివేడిగా తినమను."

"నేను వెళ్ళేసరికి నిద్రపోతుందండి."

"అయితే పొద్దున వెచ్చబెట్టి పెట్టు" అన్నాడాయన నవ్వుతూ. "నీకు తెలియని విద్యా?"