చీమ దూరని షోకేసు

మా ముందుగదిలో టీవీ ఉన్న షోకేసు నేను చేసిందే. పదకొండేళ్ళయింది. అంతా ఒకే దుంగ టేకు. ఎక్కడా మేకు కొట్టలేదు. ముందు టీవీ కొలతలు తీసుకుని, దాన్ని గోడకు బిగించి, చుట్టూ చెక్క కట్టుకుంటూ వచ్చాను. టీవీ అంచుకూ చెక్కకూ మధ్య కాగితం పట్టదు. చూడవచ్చినవాళ్ళతో "చీమ దూరదు" అనేవాణ్ణి. అంతకుమించి చెప్పేవాణ్ణి కాదు. నన్ను అందరూ ముక్తసరి మేస్త్రీ అంటారు. ఆ రెండు మాటలు మాత్రం వీధంతటికీ తెలుసు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మా అల్లుడు చంకలో లాప్‌టాప్‌తో, మెడలో నల్లతీగతో వచ్చాడు. అతను బడిలో పిల్లలకు కంప్యూటర్ పాఠం చెప్తాడు. చెప్పులు ఒకటి అక్కడ, ఒకటి ఇక్కడ విడిచాడు.

"అత్తయ్యా, ఇవాళే ఆఖరు. సాయంత్రం ఆరు కొడితే ఆ సినిమా తీసేస్తారట. పొద్దున్నే చూశాను."

"తీసేయడమేంటి బాబూ? మొన్ననేగా వచ్చింది!"

"మొన్న కాదు, రెండు నెలలైంది. గడువు అయిపోయింది. మళ్ళీ ఎప్పుడు పెడతారో, అసలు పెడతారో లేదో."

మా ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

ఆ సినిమా సంగతి చెప్పాలి. మాకు ఒక్కతే కూతురు. చిన్నప్పుడు బక్కగా ఉండేది కాబట్టి రివట అని పిలిచాం, అదే నిలిచింది. నా దగ్గరే ఉలి పట్టడం నేర్చుకుంది. ఇప్పుడు సినిమాలకు ఇళ్ళు కడుతుంది. పెద్ద గోదాములో ప్లైవుడ్‌తో గోడలు, తలుపులు, మెట్లు అన్నీ నిలబెడతారు. షూటింగ్ అయిపోగానే విప్పేసి లారీ ఎక్కిస్తారు. ఈ సినిమా కథంతా ఒకే ఇంట్లో నడుస్తుంది. ఆ ఇంటి చెక్కపనికి మొదటిసారి మా రివటే పెద్ద. అది హాల్లో ఆడలేదు, నేరుగా నెట్‌లోనే వచ్చింది.

రివట ఇంటికొచ్చినప్పుడు అందరం కలిసి చూద్దాం అనుకున్నాం. దానికి ఒక పని అయితే ఇంకో పని. రేపు, ఎల్లుండి అంటూ రెండు నెలలు గడిచాయి.

లాప్‌టాప్‌లో చూడొచ్చు కదా అంటారు. మా ఆవిడకు చూపు తగ్గింది. చిన్న తెరలో మనుషులు ఆమెకు చీమల బారు. టీవీ ముందు రెండు మూరల దూరంలో ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే మాత్రం ఎవరు వచ్చారో, ఎవరు వెళ్ళారో పోల్చుకుంటుంది. మా టీవీ పాతది, దానికి నెట్ రాదు. కాబట్టి లాప్‌టాప్‌ను తీగతో టీవీకి కలపాలి. అందుకే అల్లుడు మెడలో ఆ తీగ.

"రెండు గంటల ఇరవై నిమిషాల సినిమా," అన్నాడు అల్లుడు. "మూడున్నరలోపు మొదలుపెట్టామా, దర్జాగా చూసేయొచ్చు. ఇది నాకు రోజూ ఉండే పనే. రెండు నిమిషాలు."

షోకేసు దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కుడివైపు చూశాడు. ఎడమవైపు చూశాడు. చెంప గోడకు ఆనించి ఒక కన్ను మూసి చూశాడు.

"మామయ్యా, టీవీ వెనక్కి చెయ్యి ఎలా పెట్టాలి?"

"పెట్టలేం."

"మరి కరెంటు తీగ?"

"ముందే పెట్టి మూశా."

"డిష్ తీగ?"

"అదీ."

"టీవీ పాడైతే ఎలా మామయ్యా?"

"పాడవలేదుగా."

మా ఆవిడ నవ్వింది. "అడక్కు బాబూ. కొత్త టీవీ కొందామంటే షోకేసులో పట్టదంటారు. అందరిళ్ళలో టీవీ కోసం షోకేసు ఉంటుంది. మా ఇంట్లో షోకేసు కోసం టీవీ ఉంది."

"చిన్న చిల్లు పెడితేనో?" అన్నాడు అల్లుడు. "డ్రిల్లింగ్ మిషన్ ఉందిగా మామయ్యా. ఈ పక్కన, రూపాయి బిళ్ళంత..."

నేను అతనివైపు చూశాను. చెక్క మీద పెట్టిన వేలు తీసేశాడు.

చూపుతో ఊరుకున్నాను కానీ చిల్లు వల్ల లాభం లేదని నాకు తెలుసు. చిల్లులోంచి తీగ వెళ్తుంది. వెళ్ళి తనంతట తాను గుచ్చుకోదు. లోపలికి చెయ్యి వెళ్ళాలి.

మా ఆవిడ ముక్కాలిపీట తెచ్చుకుని, ఆరిపోయి ఉన్న టీవీ ముందు ఎప్పటిలాగే కూర్చుంది.

"పోనీలెండి," అంది. "నేను చూడకపోతే దాని ఇల్లు కూలిపోతుందా? ఎలాగూ విప్పేశారుగా."

ఆ మాట నాకు గుచ్చుకుంది. ఆరేళ్ళ కిందట రివట ఈ పనిలో చేరుతున్నప్పుడు నేనే అన్నాను, "విప్పడానికి కట్టే పనీ ఒక పనేనా?" అని. రివట నవ్వి ఊరుకుంది. నేను మళ్ళీ అనలేదు. అన్నది వెనక్కీ తీసుకోలేదు. నేను చేసిన తలుపులు నాకంటే ఎక్కువ కాలం ఉంటాయన్న ధీమా నాది.

లేచి పెరటిగదిలోకి వెళ్ళాను. చేతిరంపం, పెన్సిలు, మూలమట్టం తెచ్చాను.

"మామయ్యా?" అన్నాడు అల్లుడు.

"కింద బద్ద తీసేస్తా. పావుగంట."

టీవీ కింద అడ్డంగా, బెత్తెడు వెడల్పున బద్ద ఉంటుంది. అది తీస్తే చెయ్యి పడుతుంది. రెండు చివరలా కోయాలి. కోశాక దాన్ని మళ్ళీ అతకొచ్చు కానీ అతుకు అతుకే. నాకు బాధేమీ లేదు. కట్టినవాడికి కోసే హక్కుంటుంది. మూలమట్టం ఆనించి పెన్సిలుతో గీత గీశాను. గీత వణకలేదు.

"మీరు నిజంగా కోస్తారా?" అంది మా ఆవిడ. "ఈ కొరకరాని కొయ్యని కట్టుకుని నలభై రెండేళ్ళు. ఇలాంటి రోజు వస్తుందనుకోలేదు."

"ఆగండాగండి," అన్నాడు అల్లుడు. "తీగ పెట్టే చోటు టీవీకి ఏ వైపు ఉందో రివటని అడుగుతా. కొనేటప్పుడు తనేగా ఉంది."

ఫోన్ కలిపి అందరికీ వినపడేలా పెట్టాడు. అవతల సుత్తుల చప్పుడు, ఎవరో "ఎత్తు, ఎత్తు, ఇంకొంచెం ఎత్తు" అని అరుపులు.

"చెప్పు," అంది రివట.

అల్లుడు విషయం చెప్పాడు.

"కుడివైపు, కింద. అది సరే, నాన్న ఏం చేస్తున్నాడు?"

"కోస్తున్నా," అన్నాను.

"ఏంటి కోసేది?"

"కింద బద్ద."

"ఆగు నాన్నా! రంపం కింద పెట్టు. పెట్టావా?"

"ఊఁ."

"ఊఁ కాదు. చప్పుడు నాకు వినపడాలి."

రంపం నేల మీద పెట్టాను. ఖంగుమంది.

"ఇప్పుడు బద్ద కుడి చివర బొటనవేలి గోరు ఆనించి, ఎడమవైపుకి తొయ్యి."

"అది జిగురు పెట్టి బిగించింది," అన్నాను.

"బిగించింది ఎవరు?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు చిత్రిక పడుతుంటే నా కంట్లో నలక పడింది. మిగిలింది ఆ ఒక్క బద్దే. జిగురు డబ్బా రివట చేతికిచ్చి, బిగించమని చెప్పి కన్ను కడుక్కోవడానికి వెళ్ళాను. కన్ను తేరుకునేసరికి చాలాసేపు పట్టింది. వచ్చి గోరుతో నాలుగు మూలలా తడిమాను. అతుకు తగల్లేదు. నా పనితోనే సమానంగా ఉందనుకున్నాను.

"జిగురు పెట్టలేదు నాన్నా," అంది రివట. "లోపల దుమ్ము పడితే ఎలా తీయాలని అమ్మ అడిగింది. నువ్వేమో 'చీమ దూరదు, దుమ్మెలా దూరుతుంది' అన్నావు. నీతో వాదించే ఓపిక ఎవరికుంది? ఎడమ చివర బద్ద దూరే తొలి ఉంది కదా, ఆ బెజ్జం లోతుగా తీశాను. అటు తోస్తే కుడి చివర బయటపడుతుంది."

"పదకొండేళ్ళుగా చెప్పలేదే?"

"నువ్వే కనిపెట్టి తిడతావని ఎదురుచూశా. మొదటి ఏడాదంతా భయమేసింది. తర్వాత నువ్వు అందరికీ చీమ దూరదని చెప్తుంటే నవ్వొచ్చేది. ఆ తర్వాత మర్చేపోయా. సరే, ఇక్కడ నా మేడ పైకెత్తుతున్నారు, ఉంటా. తొయ్యి నాన్నా!"

ఫోన్ పెట్టేసింది.

బొటనవేలు ఆనించి తోశాను. కదల్లేదు. ఏళ్ళ తరబడి పట్టిన పాలిష్. అరచేతి మొదలు కూడా ఆనించి మళ్ళీ తోశాను. నువ్వుగింజంత కదిలింది. తర్వాత చివరిదాకా మెత్తగా జరిగింది. కుడి చివర దానంతటదే నా చేతిలోకి వచ్చింది.

"గోటితో పోయేదానికి గొడ్డలి తెచ్చారు," అంది మా ఆవిడ.

నేను బద్దను వెలుతురులోకి పట్టుకెళ్ళాను. కుడి చివర, తొలిలో దూరే నాలుక ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. తిరగేసి పెడదామన్నా పట్టదు, సరిగ్గా పెడితే కదలదు. ఎవరి కోత వాళ్ళ ఉలి జాడలో తెలిసిపోతుంది. ఇందులో తొందర లేదు, భయం లేదు. అప్పుడు రివటకు పంతొమ్మిదేళ్ళు. ఉలి పట్టడం నేర్పింది నేనే కానీ ఈ కోత నేను నేర్పలేదు. తాడిని తన్నేవాడి తల తన్నేవాళ్ళుంటారని తెలుసు. నా ఇంట్లోనే ఉన్నారని తెలియదు.

"మామయ్యా, రెండున్నర," అన్నాడు అల్లుడు.

అతను చెయ్యి పెట్టాడు. మణికట్టు దగ్గర ఇరుక్కుంది. తీయడానికే రెండు నిమిషాలు పట్టింది. నా వేళ్ళు లోపలికి వెళ్ళాయి కానీ మొద్దువేళ్ళు, ఏది ఏమిటో తెలియలేదు.

"జరగండిద్దరూ," అని మా ఆవిడ పీట మీంచి దిగింది. "ఒకరిది సుద్దముక్క పట్టిన చెయ్యి, ఒకరిది దుంగలు మోసిన చెయ్యి. సూదిలో దారం ఎక్కించినదాన్ని నేను."

"కనపడదు కదా అత్తయ్యా," అన్నాడు అల్లుడు.

"లోపల నీకు కనపడిందా ఏంటి?"

నేను తీగ కొస చూశాను. ఇనుపమూతి. అదీ ఒకవైపు వెడల్పు, ఒకవైపు సన్నం. ఇందాకటి నాలుక లాంటిదే. ఇక నాకు చెప్పేవాళ్ళు అక్కర్లేకపోయింది. మూతిని ఆమె వేళ్ళ మధ్య పెట్టాను.

"వెడల్పు వైపు ఏదో చూసుకో. గాడిలోనూ వెడల్పు వైపు వెతుకు. రెండూ కలిపి తొయ్యి."

ఆమె కళ్ళు మూసుకుంది. భుజం దాకా చెయ్యి లోపల. "ఇది కాదు... ఇది గుండ్రం... ఆఁ, ఇదిగో." చిన్న చప్పుడు వినపడింది. "కూర్చుంది," అంది.

టీవీ పెట్టాం. సిగ్నల్ లేదని వచ్చింది. అల్లుడు రిమోట్ తీసుకుని ఒకటో నంబరు, రెండో నంబరు మార్చాడు. తెర మీద పెద్ద కొండ, మబ్బులు వచ్చాయి.

"దాని ఇల్లేది? కొండలా ఉందే?" అంది మా ఆవిడ.

"అది నా లాప్‌టాప్ బొమ్మ అత్తయ్యా. సినిమా ఇక్కడ ఆడుతోంది, అక్కడికి రావట్లేదు."

"బడిలో పిల్లలకు కూడా ఇలాగే కొండ చూపిస్తావా?"

అల్లుడికి చెమట పట్టింది. రెండు మీటలు కలిపి నొక్కి, రెండు తెరల్లోనూ ఒకటే బొమ్మ రావాలని ఎంచాడు. కొండ పోయింది. సినిమా వచ్చింది. మాటలు మాత్రం లాప్‌టాప్‌లోంచే వినపడుతున్నాయి. అదీ సరిచేశాడు. గడియారం మూడూ పది చూపిస్తోంది.

"ముందునుంచి పెట్టు," అంది మా ఆవిడ.

ఇల్లు కనపడింది. రెండంతస్తులు, ముందు ఆకుపచ్చ తలుపు. "అదిగో తలుపు. పచ్చది," అంది ఆమె. తర్వాత అన్నీ తనే చెప్పింది. "మెట్లు తిరిగాయి చూడండి... ఆ కిటికీలోంచి ఎండ పడుతోంది... అయ్యో, ఆ అబ్బాయి తలుపు అంత గట్టిగా వేస్తాడేంటి, మా పిల్ల చేసింది!" కథ ఎవరికి కావాలి? మనుషులు అడ్డొచ్చినప్పుడల్లా "జరగవయ్యా" అంది.

నేను తలుపే చూశాను. ప్లైవుడ్ తలుపు తేలిక, తోస్తే ఊగులాడుతుంది. ఇది ఊగలేదు. నిండు టేకు తలుపులా నిదానంగా తిరిగి, నిదానంగా ఆగింది. అలా ఆగాలంటే ఏం చేయాలో నాకు తెలుసు. ఎంత కొలతగా చేయాలో కూడా తెలుసు.

అయిదున్నరకు సినిమా అయిపోయింది. చివర్లో పేర్లు పైకి పోతుంటే అల్లుడు ఆపాడు. మా ఆవిడ పీటతో సహా ముందుకు జరిగింది. "ఇదేనా?" అని తెర మీద వేలు పెట్టింది. అదే, బడిలో రాయించిన పేరు. వేలితో ఒక్కో అక్షరం తడిమింది, ఇందాక గాడి వెతికినట్టు.

రివటకు ఫోన్ చేశాం.

"చూశావా అమ్మా?"

"అంతా చూశానే. మెట్లు, కిటికీలు, తలుపు. తలుపు మూసుకుంటే ఎంత బరువు చప్పుడొచ్చిందో!"

"ఆ చప్పుడు వేరేవాళ్ళు కలుపుతారమ్మా. తలుపు వరకే నాది. నాన్న ఏమన్నాడు?"

ఇద్దరూ నావైపు చూశారు.

"తలుపు అడుగున బరువు పెట్టావు," అన్నాను.

"ఇనపపట్టీ. పైన చెక్క అతికించా. మా వాళ్ళెవరూ కనిపెట్టలేదు. నీకెలా తెలిసింది?"

"ఆగిన తీరు."

"బాగుందా మరి?"

"బాగుంది. విప్పడానికి కట్టడమూ పనే. అప్పుడు తప్పన్నాను."

"వింటున్నావా బాబూ," అంది మా ఆవిడ అల్లుడితో. "ఈ ఏడాది మాటలన్నీ అయిపోయాయి."

రివట నవ్వింది. "బద్దకి జిగురు పెట్టకు నాన్నా."

పెట్టలేదు. తీగ కొస చుట్టి లోపలే ఉంచాను. తొలిలో కొంచెం మైనం రాసి బద్ద ఎక్కించాను. పెన్సిలు గీతలు తుడిచేశాను.

ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా ఇంకో రెండు మాటలు కలుపుతున్నాను. "చీమ దూరదు. చెయ్యి దూరుతుంది." ఎక్కడ అంటే వెతుక్కోమంటాను. పనిమంతులు కూడా వచ్చి తడిమి చూశారు. ఇంతవరకు ఎవరికీ దొరకలేదు.