పెద్దమ్మ కోరిన కీనా

పావొరా ఇంటి గేటు ముందు పిరిహీర పావుగంట నుంచి నిలబడి ఉంది. లోపలికి వెళ్దామంటే కాళ్ళు రావడం లేదు, వెనక్కి పోదామంటే వీల్లేదు.

నిన్న తెల్లవారుజామున పెద్దమ్మ కరరైనా కన్నుమూసింది. తల్లిలేని పిరిహీరను మూడేళ్ళ వయసు నుంచి పెంచింది ఆవిడే. పోయేముందు ఆవిడ అడిగింది ఒక్కటే. "నన్ను సాగనంపడానికి వచ్చినవాళ్ళకి దవడబండల కీనా పెట్టాలే పిల్లా. కొన్నది కాదు, పక్క ఊరోళ్ళు తెచ్చింది కాదు. మనదే."

దవడబండలంటే ఊరి కింద, ఆటుకు నీళ్ళు తీసినప్పుడు కింది దవడలా బయటపడే రాళ్ళ వరుస. ఆ రాళ్ళ మధ్య గుంటల్లో ఉంటాయి కీనాలు అనే సముద్రపు జీవాలు. పైకి నల్లటి ముళ్ళబంతులు, పగలగొడితే లోపల అయిదు పసుపుపచ్చ తొనలు. మా వాళ్ళు చావుకు వచ్చిన చుట్టాల ముందు అన్నీ పెట్టి కీనా పెట్టకపోతే, ఆ ఇంటికి తల ఎత్తుకునే దారి ఉండదు. రోజుకు మనిషికి యాభైకి మించి తీయకూడదని చట్టం. చావుకో, పెద్ద పనికో అంతకు మించి కావాలంటే ఆ తీరం కావలిదారు చీటీ రాసివ్వాలి.

ఆ కావలిదారు పావొరా. పిరిహీరకు స్వయానా మేనమామ కొడుకు. అతనితో ఆమె మాట్లాడి తొమ్మిదేళ్ళయింది.

తొమ్మిదేళ్ళ కిందట ఆమె మొగుడు హోహెపా రెండు వందల పదమూడు కీనాలతో అదే తీరంలో చేపల శాఖ వాళ్ళకు దొరికాడు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట. ఎవరో ఏమిటి, కావలిదారు తప్ప ఇంకెవరు చెబుతారు? కోర్టు చుట్టూ తిరిగారు, బండి జప్తు అయింది, పత్రికలో పేరు పడింది. అప్పటినుంచి పెళ్ళిలో అయినా చావులో అయినా, ముక్కుకు ముక్కు ఆనించి పలకరించుకునే వరుసలో పావొరా ముందుకు వంగితే పిరిహీర తల తిప్పేసుకునేది. మాలో అంతకన్నా పెద్ద అవమానం లేదు. చిన్నప్పుడు ఒకే దుప్పటి కోసం కొట్టుకున్న బావ అతను. అయినా తిప్పేసుకునేది.

తలుపు పావొరాయే తీశాడు. నల్లకోటు వేసుకుని ఉన్నాడు. అత్త కోసం ఏడ్చి ఏడ్చి కళ్ళు ఉబ్బిపోయాయి.

"గేటుకి రంగు వేస్తున్నావేమో అనుకున్నా. అంతసేపు నిలబడ్డావు," అన్నాడు.

"చీటీ కావాలి."

"తెలుసు. రా."

వంటింటి బల్ల మీద చీటీల పుస్తకం తెరిచే ఉంది. తారీఖు, చోటు, పని, అన్నీ రాసేసి ఉన్నాయి. గురువారం, దవడబండలు, కరరైనా అంత్యక్రియల విందు. అంకె ఒక్కటే ఖాళీగా వదిలాడు.

"మూడు వందలు," అంది పిరిహీర, బల్ల వైపు చూస్తూ.

"మూడు వందలు. తీసేది ఎవరు?"

"నేను... ఆయన."

పావొరా కలం ఆగింది. పిరిహీర పళ్ళు బిగబట్టింది. ఇప్పుడు అంటాడు. దొంగ చేతికి తాళం ఇమ్మంటున్నావా అని అడుగుతాడు. అడగనీ, పెద్దమ్మ కోసం అది కూడా పడతాను అనుకుంది.

"పేరు చెప్పాలి మరదలా. చీటీలో 'ఆయన' అని రాస్తే ఊళ్ళో మొగుళ్ళందరూ దిగిపోతారు."

హోహెపా పేరు పొందిగ్గా, పెద్ద అక్షరాలతో రాసి చీటీ చించి ఇచ్చాడు. నవ్వొచ్చింది పిరిహీరకు. ఇతని మాటకు నవ్వడమేమిటని పెదవి కొరుక్కుని, చీటీ మడిచి జాకెట్టులో దోపుకుని, గడప దాటాక గాలితో చెప్పినట్టు "మంచిది" అని చెప్పి వచ్చేసింది.

మర్నాడు పదకొండు గంటలకు ఆటు పూర్తిగా తీసింది. కొండచరియ నిండా పొహుతుకావా చెట్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. అవి పూసే ఈ డిసెంబరులోనే కీనా తొనలు నిండుగా ఉంటాయి. పోయే రోజు కూడా పెద్దమ్మ రుచి చూసుకునే ఎంచుకుంది.

పావొరా ముందే వచ్చి ఒడ్డున బండ మీద కూర్చున్నాడు. చిన్న గొంతుతో ప్రార్థన చేశాడు. తర్వాత ఎవరూ ఏమీ అనకుండానే పిరిహీర మొదటి గుంటలో చెయ్యిపెట్టి, చేతికి అందిన మొదటి కీనాను తీసి లోతు నీళ్ళలోకి వదిలింది. మొదటిది సముద్ర దేవుడు తంగరోవాది. అది లెక్కలోకి రాదు.

రెండోసారి చెయ్యి పెట్టి ఆమె అలాగే ఆగిపోయింది.

రాతి సందు నిండా కీనాలే. పిడికిలంత పెద్దవి, ఒకదాని మీద ఒకటి, ముళ్ళు మెల్లగా కదుపుతూ. తొమ్మిదేళ్ళ కిందట తను చివరిసారి ఇక్కడికి వచ్చినప్పుడు నాలుగు గుంటలు వెతికితే పది దొరికాయి. రాళ్ళన్నీ వెల్లకిలా పడి, అడుగున బతికే జీవాలు ఎండకు మాడి తెల్లబడి ఉండేవి. ఇప్పుడు ప్రతి రాయి దాని చోట దాని వైపుకు ఉంది. పీతపిల్లలు, నత్తలు, గోధుమరంగు సముద్రపు పాచి జడలు జడలుగా, అన్నీ ఉన్నాయి. ఇంత ఉందా మాకు అనుకుంది పిరిహీర. ఎవరికి దణ్ణం పెట్టాలో తెలియక చేతిని నీళ్ళలోనే ఉంచింది.

"ఏయ్, ఆ రాయి!" హోహెపా అరిచాడు అవతలి గుంట నుంచి. "తిప్పావుగా, మళ్ళీ బోర్లించు. దాని ఇంటి పైకప్పు అది. నీ ఇంటి కప్పు ఎవడైనా ఎత్తేసి పోతే ఊరుకుంటావా?"

"అబ్బో! నువ్వా నాకు చెప్పేది?"

"నేనే చెప్పాలి. ఎత్తేసిపోయినోణ్ణి నేనేగా."

పిరిహీరకు ఒళ్ళు మండింది. అంత తేలిగ్గా ఎలా ఒప్పేసుకుంటాడు ఈ మనిషి? బండ మీద కూర్చున్న పావొరా ముసిముసిగా నవ్వడం కూడా ఆమె చూసింది. అయినా రాయిని బోర్లించింది. చిన్నవాటిని ముట్టుకోలేదు. ఒక్కో గుంటలో కొన్నే తీసి పక్క గుంటకు జరిగింది. ఒక్కటీ అక్కడ పగలగొట్టలేదు, నోట్లో వేసుకోలేదు. సముద్రం ముందు నిలబడి తినేవాణ్ణి సముద్రం మళ్ళీ పిలవదని పెద్దమ్మ చిన్నప్పుడే వీపు మీద ఒకటి వేసి నేర్పింది.

మూడు గోతాలు నిండాయి, సంచికి వంద. హోహెపా లెక్క చూసి "అయింది" అన్నాడు. అప్పటికి పిరిహీర చేతిలో ఇంకొకటి ఉంది. అన్నిటికన్నా పెద్దది, కొబ్బరికాయలో సగం ఉంటుంది. ఒక్కటి ఎక్కువైతే ఏమవుతుంది, అది పెద్దమ్మ పేరున పక్కన పెట్టుకుంటే బాగుండును అనిపించింది. పావొరా అటు తిరిగి కూర్చుని షూ లేసు కట్టుకుంటున్నాడు. చాలాసేపటి నుంచి అదే లేసు కట్టుకుంటున్నాడు.

పిరిహీర దాన్ని తీసిన సందులోనే జాగ్రత్తగా పెట్టేసింది.

మధ్యాహ్నం మరాయె వంటశాలలో ఆడవాళ్ళు బల్ల చుట్టూ చేరారు. మరాయె అంటే మా వంశం మొత్తానికీ ఇల్లు. చావుకూ పెళ్ళికీ అందరూ చేరేది అక్కడే. వంటశాలకు ఎదురుగా ఉన్న పెద్ద ఇంటి అరుగు మీద, తెరిచిన పెట్టెలో పెద్దమ్మ పడుకుని ఉంది. అక్కడి ఏడుపులు, పాటలు ఇక్కడికి వినిపిస్తున్నాయి. ఇక్కడ కత్తుల చప్పుడు. వంటశాల పెత్తనమంతా మరైయాది. నోటికి తాళం లేని మనిషి. ఆమె కీనాను అడ్డంగా పగలగొట్టి, చెంచాతో తొనను ఎత్తి, వెలుగుకు చూసింది.

"చూడు వదినా, ఎంత బలిసిందో! వెన్నముద్దే. ఆ తల్లి చేసిన మంచి ఊరికే పోయిందా?"

"ఏం మంచి?"

"అదే, ఆ ఫోను." మరైయా ఇంకో కీనా అందుకుంది. "మీ ఆయన మీద. ఇదిగో, ఈ గోడకున్న ఫోను నుంచే. నేను గిన్నెలు కడుగుతున్నా. మాట్లాడి పెట్టేసి, ఇక్కడే ఈ బల్ల మీద తల పెట్టుకుని ఎంత ఏడ్చిందో."

పిరిహీర చేతిలో కత్తి ఆగింది. బల్ల చుట్టూ ఉన్న కత్తులన్నీ ఆగాయి.

"ఎవరు ఏడ్చింది?"

మరైయా అప్పుడు నాలిక కరుచుకుంది. తర్వాత భుజాలు ఎగరేసింది. "ఆవిడ పోయిందిగా, ఇంక ఒట్టు తీరిపోయినట్టే. మీ పెద్దమ్మే చేసింది వదినా. మూడుసార్లు హోహెపాకి చెప్పింది, తిట్టింది, కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. వినలేదు. బండలు చచ్చిపోతున్నాయని ఆవిడే ఫోన్ చేసింది. తర్వాత మా అందరి చేతా ఒట్టు వేయించుకుంది."

"మరి పావొరా..."

"పావొరాని ఇక్కడికే పిలిచి అడిగింది. 'పిల్లకి నేను తప్ప తల్లి లేదు. నా మీద మనసు విరిగితే అది ఎక్కడికి పోతుంది? నిన్ను తిట్టుకోనీ. నువ్వు మగాడివి, మోస్తావు' అంది. ఆయన సరే అన్నాడు. అంతే. ఒక్కమాట అడిగితే ఒట్టు."

పిరిహీర చుట్టూ చూసింది. ఒక్కరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. అందరికీ తెలుసు. కీనా గోతం మోసుకుని అప్పుడే గుమ్మంలోకి వచ్చిన హోహెపా కూడా, విషయం అర్థమై, గోతంతో సహా వెనక్కి తిరగబోయాడు.

"ఆగు! నీకూ తెలుసా?"

"ఆవిడే చెప్పింది, మొహం మీదే," అన్నాడు హోహెపా, గోతం దించకుండా. "ఎనిమిదేళ్ళయింది. చేసింది సరైనదే అత్తా అన్నాను. నీతో చెబుతానంటే చెవి మెలేసింది."

పిరిహీర నడుముకు కట్టుకున్న వంటగుడ్డ విప్పి బల్ల మీద కొట్టింది. బయటి కుళాయి దగ్గర చేతులు మోచేతుల దాకా కడుక్కుంది. పోయినవాళ్ళ దగ్గరికి తిండి వాసనతో పోకూడదు. ఎంత కోపంలో ఉన్నా అది మరచిపోలేదు.

అరుగు మీద పెద్దమ్మ పెట్టె చుట్టూ పాతవాళ్ళ ఫోటోలు, తలకు ఆకుల దండలు చుట్టుకున్న ముసలమ్మలు. ఎదురుగా పచ్చిక మీద నూరుమంది చుట్టాలు. మాలో పోయినవాళ్ళతో మొహం మీదే మాట్లాడొచ్చు. పొగడొచ్చు, తిట్టొచ్చు, మూత వేసేదాకా వాళ్ళు వింటూనే ఉంటారు.

"పెద్దమ్మా, లే," అంది పిరిహీర. "లేచి నాకు జవాబు చెప్పు. ఫోన్ చేసింది నువ్వా? తొమ్మిదేళ్ళు నా ఎదురుగా కూర్చుని, నేను పావొరాని తిడుతుంటే ఊఁ కొట్టావు కదే! ఒకరోజు నాకు తిట్టు గుర్తు రాక తడుముకుంటే నువ్వే అందించావు!"

ముసలమ్మల్లో ఒకావిడ ఫక్కున నవ్వింది. పచ్చిక మీద అందరూ నవ్వారు.

"నవ్వకండి! ఈవిడకి ఎంత ధైర్యం? నేను వదిలేసి పోతానని భయపడిందట. నిన్నా? నిన్ను వదిలి నేను ఎక్కడికి పోతానే?" గొంతు పగిలింది. పెద్దమ్మ చల్లటి చెంపకు తన చెంప ఆనించింది.

తలెత్తి మళ్ళీ మాట్లాడినప్పుడు గొంతు తగ్గింది. "ఇవాళ నీ బండల్లో చెయ్యి పెట్టాను పెద్దమ్మా. చెయ్యి పట్టనన్ని ఉన్నాయి. నువ్వు ఆ ఫోన్ చెయ్యకపోతే రేపు నీ విందుకి నేను డబ్బా చేపలు పెట్టేదాన్ని. అందరూ వినండి. నా మొగుణ్ణి పట్టించినందుకు ఈవిడకి నేను చేతులెత్తి దణ్ణం పెడుతున్నాను. మా కడుపు నింపావు. మళ్ళీ మా మనవల కడుపు కూడా నింపుతావు. హాయిగా పో పెద్దమ్మా. నీ కీనా బల్ల మీదుంటుంది."

వెనక్కి తిరిగింది. పెద్దమనుషుల బల్ల చివర, ఎప్పటిలాగే కొంచెం దూరంగా, పావొరా తల వంచుకుని కూర్చున్నాడు. పచ్చిక దాటి అతని ముందుకు వెళ్ళడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది ఆమెకు.

"లే బావా."

పావొరా లేచాడు.

"ఇన్నేళ్ళూ నేను తల తిప్పుకున్నా, నువ్వు ప్రతిసారీ వంగావు. ఎందుకు?"

"అత్త అడిగింది మోయమని. వంగడం మానమని చెప్పలేదుగా."

పిరిహీర జాకెట్టు చేతితో మొహం తుడుచుకుంది. "ఇప్పుడు నేను వంగుతాను. దీనికీ చీటీ రాయించుకోవాలా?"

పావొరా కళ్ళలో నీళ్ళు నిండాయి. అయినా కావలిదారు కావలిదారే.

"అక్కర్లేదు మరదలా. రోజుకి యాభై దాటితేనే చీటీ."

నుదురుకు నుదురు ఆనింది, ముక్కుకు ముక్కు ఆనింది. అతని ముక్కు చల్లగా ఉంది, ఇంకా సముద్రం వాసన వేస్తోంది. వంటశాల గుమ్మం నుంచి టీ చల్లారిపోతోందని మరైయా రెండుసార్లు కేక వేసింది. పిరిహీర తల తిప్పలేదు.