ఆ ఇంటి తిట్టు

ఆ ఇంట్లో తెలివితక్కువ పని ఎవరు చేసినా "గొడుగు" అనేవారు. తాళంచెవి లోపల పెట్టి తలుపేసుకొచ్చినా గొడుగే, పంచదార డబ్బాలో ఉప్పు పోసినా గొడుగే. కాపురానికొచ్చిన కొత్తలో కోడలు ఆరా తీస్తే, "మనవాళ్లలో ఒకావిడ నట్టింట్లో గొడుగేసుకుని నిలబడిందిలే" అని అత్తగారు నవ్వి ఊరుకుంది. కోడలికి ఆ మాట తెగ నచ్చేసింది. వాడకంలో ఆ ఇంట పుట్టినవాళ్లనే మించిపోయింది.

మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకుని ఆమె మంచమెక్కితే, పిలవకుండానే పెట్టె సర్దుకుని వచ్చింది మొగుడి మేనత్త, కోడలికి వరసకి పిన్ని. వచ్చిన పూటే కొంగు బిగించి వంటిల్లు చేతిలోకి తీసుకుంది. కోడలికి తల దువ్వడం, కాలి కింద దిండు సర్దడం, అన్నీ ఆవిడే. ఇంతలో అత్తగారు ఊరి నుంచి ఫోన్ చేసి గొంతు తగ్గించింది.

"ఆ గొడుగావిడ మీ పిన్నిగారేనే. ఆవిడ చెవిన మాత్రం పడనీకు."

కోడలు ఫోన్ పెట్టేసింది. ఈ సంగతి తెలిశాక ఏ మొహం పెట్టుకుని ఆవిడ కలిపిన ముద్ద తినాలి? మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. తన నోటికీ తాళం వేసుకుంది.

ఆ తాళం ఆదివారం దాకా నిలిచింది.

"ఏవండీ, నా ఊతకర్రేదీ?"

"బాల్కనీలో. తాడు తెగితే దానిమీదే బట్టలారేశా."

"అబ్బ! ఒట్టి గొడుగండీ మీరు!"

గుమ్మంలో అన్నం పళ్లెంతో పిన్నిగారు.

"బిగుసుకుపోయారేంట్రా? గొడుగంటే నేనేగా!"

"మీకు... తెలుసా పిన్నిగారూ?"

"తెలియకేం? అందరూ పిచ్చిది పిచ్చిది అంటుంటే, అంతకంటే గొడుగనండర్రా, వినడానికి బావుంటుందని నేనే అన్నా." ఆవిడ పళ్లెం పెట్టి మేనల్లుడి వైపు చెయ్యి చూపించింది. "అప్పుడు వీడు చంటాడు. జ్వరంతో ఏడ్చి ఏడ్చి అప్పుడే కన్నంటుకుంది. పైకప్పు కారి, చుక్కలు సరిగ్గా వీడి మొహం మీదే! మంచం పక్కన గొడుగు పట్టుకుని నిలబడ్డా. వాన వెలిసేసరికి చెయ్యి కొయ్యబారిపోయింది."

కోడలి కళ్లు చెమర్చాయి. "మంచం జరిపితే లేస్తాడనా?"

"అబ్బే! జరపొచ్చని తోచలేదే!"

ముందు నవ్వింది ఆవిడే. మొగుడు మాత్రం గబగబా వెళ్లి ఊతకర్ర తెచ్చాడు. తడి చొక్కా ఒకటి దానికింకా వేలాడుతూనే ఉంది.

కట్టు విప్పాక ఆవిడ ప్రయాణమైంది. కోడలు చెప్పాలనుకున్నవి చాలా కూడబెట్టుకుంది గానీ, గుమ్మం దగ్గర ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"మీరు ఒట్టి గొడుగు పిన్నిగారూ."

"తెలుసులేవే," అందావిడ, పట్టుకున్న చెయ్యి వదలకుండా. "మెట్లు చూసుకుని దిగు."