తొమ్మిదో రాయి దాకా

భయపడేంత అడవి కాదది. మామూలు చెప్పులతోనే నడిచి రావచ్చు. దారి చదును చేసి, అలసినవాళ్ల కోసం అక్కడక్కడా బల్లలు కూడా వేశారు. నూటయాభై ఏళ్ల కిందట హద్దులు కొలిచినవాళ్లు పాతిన సర్వే రాళ్లను చూడ్డానికి సెలవు రోజుల్లో జనం బాగానే వస్తున్నారు.

మాస్టారికి ఎనభై రెండేళ్లు. మామయ్యను మెల్లగా నడిపించమనీ, "ఇంకొంచెం దూరమే" అంటే అస్సలు నమ్మొద్దనీ ఆయన కోడలు గుమ్మంలోనే, వెంట తీసుకెళ్తున్న శిష్యురాలికి పదిసార్లు చెప్పి పంపింది. ఆయన మాత్రం ప్రతి రాయి దగ్గరా ఆగి, వీపు తట్టినట్టు దాన్ని తట్టి, కొత్తగా వేసిన రంగును తిట్టి మరీ కదులుతున్నారు.

సర్వే ఆఫీసులో ఆమె ఆయన దగ్గరే పని నేర్చుకుంది. మర్నాడే ఆమె పదవీ విరమణ సభ. తొమ్మిదో రాయిని కనిపెట్టిన మనిషని అందరూ ఆమెను పొగుడుతారు. రాయి పక్కన బోర్డు మీద పేరు కూడా ఎక్కించేశారు. ఆ పొగడ్త తనకు చెందదని ఆమెకు తెలుసు. ఈలోగా మాస్టారికి నిజం చెప్పెయ్యాలి.

ముప్పై నాలుగేళ్ల కిందట ఆమె తాత్కాలికంగా చేరిన గొలుసు మనిషి. ముందు నడిచేవాడు కొలత గొలుసును బిగలాగి, అది ముగిసిన చోట నేలలో ఇనుప పుల్ల గుచ్చి సాగిపోతాడు. వెనక వచ్చే ఆమె ఆ పుల్ల పీకి సంచిలో వేసుకోవాలి. సంచిలో ఎన్ని పుల్లలుంటే అన్ని గొలుసుల దూరం. అప్పట్లో పాత రాళ్లన్నీ మట్టిలో కూరుకుపోయి ఉండేవి. తొమ్మిదో రాయి కోసం లెక్క ప్రకారం ఎంత లోతు తవ్వినా రాయి జాడ లేదు. సాయంత్రం చూసుకుంటే పొద్దున తీసుకెళ్లిన పది పుల్లల్లో ఒకటి తక్కువ. ఎక్కడో పీకడం మరిచిపోయింది. అంటే లెక్కలో ఒకటి తగ్గి, రాయిని దాటిపోయి ఒక గొలుసు అవతల తవ్వారన్నమాట. చెబితే ఉద్యోగం ఊడుతుందని, స్టోరులోంచి ఇంకో పుల్ల తెచ్చి గుట్టుచప్పుడు కాకుండా సంచిలో కలిపేసింది. మర్నాడు మాస్టారు రాయి దొరికిందని చెప్పి, రిపోర్టులో ఆమె పేరు రాశారు. ఆ పేరు చూసే పై ఆఫీసరు ఆమె ఉద్యోగం ఖాయం చేశాడు. రాయి ఎలా దొరికిందో ఆమె అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తొమ్మిదో రాయి దగ్గర బల్ల మీద ఆయన్ని కూర్చోబెట్టి, ఆమె ఎదురుగా నిలబడింది.

"ఆ రోజు తప్పు నాది మాస్టారూ. పుల్ల ఒకటి పీకకుండా వదిలేశాను. మీ దగ్గర దాచాను."

ఆయన ఆశ్చర్యపోలేదు. మర్నాడు తెల్లవారగానే ఒక్కరే వచ్చి ముందురోజు కొలిచిన గీత వెంట మళ్లీ నడిచారట. గడ్డిలో పుల్ల కనబడగానే సంగతి అర్థమై, గోతి నుంచి ఒక గొలుసు వెనక్కి వచ్చి తవ్వితే రాయి తగిలిందట.

"మరి నా పేరెందుకు రాశారు?"

"నీ పుల్లే కదమ్మా దారి చూపించింది. అబద్ధమేం రాయలేదు," అన్నారాయన. "తిడితే మర్నాడే మానేసేదానివి. ఊరుకుంటే ఏం చేస్తావో చూద్దామనుకున్నాను. ఆ తర్వాత పుల్లలు రెండుసార్లు లెక్కపెట్టకుండా నువ్వు ఒక్కరోజన్నా ఇంటికెళ్లావా?"

ఆ లెక్కపెట్టడం ఎవరూ చూడట్లేదనే ఇన్నాళ్లూ అనుకుంది. ఆమెకు ఏడుపాగలేదు. పిల్లల చదువులు, సొంత ఇల్లు, నలుగురిలో గౌరవం, అన్నీ ఈయన చలవే అనిపించి మనసు నిండిపోయింది.

"ఇన్నేళ్లూ నేను తిన్న అన్నం మీరు పెట్టిందే మాస్టారూ. రేపు అందరి ముందూ ఇదంతా చెప్పేస్తాను."

"చెప్పు. కొత్తగా చేరినవాళ్లు వినాలి. అన్నం నేను పెట్టానని మాత్రం అనకు. ముప్పై నాలుగేళ్లూ నడిచింది నువ్వు. నేను ఒక్క పూట నోరు మూసుకున్నాను, అంతే."