నెగెటివ్ వచ్చింది

కరోనా పోతూ పోతూ మన పల్లెలకు రెండు ఇంగ్లీషు మాటలు నేర్పిపోయింది. పాజిటివ్ అంటే చెడు, నెగెటివ్ అంటే మంచి. మర్రిగూడ పక్క పల్లెలో బడి గడప తొక్కని ముసలమ్మకు కూడా ఈ సంగతి తెలుసు. డిగ్రీ చదివి, షాద్‌నగర్ కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తున్న మల్లికకు తెలియదా మరి?

మల్లిక తండ్రి కురుమయ్య మేస్త్రి. ఆ ఊళ్లో సగం ఇళ్ల గోడలు ఆయన చేతివే. ఎండాకాలంలో ఒకనాడు, కడుతున్న గోడ పక్కనే ఫిట్స్ వచ్చి పడిపోతే ఎండదెబ్బ అనుకున్నారు. హైదరాబాద్ దవాఖానలో మెదడులో గడ్డ అన్నారు, క్యాన్సర్ అన్నారు. ఆపరేషన్ చేసి, తీసిన గడ్డలో ఒక ముక్కను ఏదో పరీక్షకు పంపారు. ఆరు వారాలు కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. అది అయిపోయి ఇంటికి చేరిన వారానికి మల్లిక ఫోన్‌లోకి రిపోర్టు వచ్చింది.

మిథైలేషన్ అన్న మాటకు ఆమెకు నోరు తిరగలేదు. దాని ఎదురుగా ఉన్న మాట మాత్రం చక్కగా అర్థమైంది. కంపెనీ బస్సులోనే సంతోషంతో ఏడ్చేసి, తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా, బాపుకు నెగెటివ్ వచ్చింది!"

సైదమ్మ ఇంకేమీ అడగలేదు. జాన్‌పహాడ్ దర్గా సైదులు పేరు పెట్టుకున్న మనిషి, ఆ సైదులు పేరు చెప్పి వాడంతా శక్కెర పంచింది. "మా ఇంటాయనకు నెగెటివ్ వచ్చింది" అని ప్రతి గడపలోనూ చెప్పింది. పొరుగింటి బక్కమ్మ ఆ శక్కెరను కళ్లకద్దుకుని మరీ నోట్లో వేసుకుంది.

పది రోజులకు, కరెంటు తర్వాత వేసుకోవాల్సిన మాత్రలు రాయించుకుందామని మల్లిక ఒక్కతే దవాఖానకు పోయింది. రిపోర్టు చూసిన డాక్టర్ సుచరిత ముఖం చిన్నబోయింది.

"నెగెటివ్ అంటే మంచిదే గదా మేడం?"

డాక్టర్ రిపోర్టు పక్కన పెట్టింది. తర్వాత, "మీ నాన్న ఏం పని చేస్తారమ్మా?" అని అడిగింది.

"మేస్త్రి."

"అయితే ఇట్లా చెప్తాను. మన ఒంట్లో ఏ జీను పని చెయ్యాలో, ఏది ఊరుకోవాలో చెప్పడానికి వాటి మీద చిన్న చిన్న ముద్రలుంటాయి. దాన్నే మిథైలేషన్ అంటారు. క్యాన్సర్‌లో ఆ ముద్రలు గాడి తప్పుతాయి. ఉండాల్సిన చోట ఊడిపోతాయి, వద్దన్న చోట పడతాయి. మీ నాన్న గడ్డలో ఒక జీను మేస్త్రి లాంటిది. మన మాత్ర గడ్డకు బొక్కలు పెడితే అది వెంటనే పూడ్చేస్తుంది. కొందరి గడ్డల్లో ఆ మేస్త్రి మీద ముద్ర పడి పని ఆగిపోతుంది. అప్పుడు మందు బాగా పనిచేస్తుంది. మీ నాన్నకు ఆ ముద్ర ఉందా అని చూశారు. లేదు. నెగెటివ్ అంటే అదీ."

"మరి మాత్రలు?"

"వాడొచ్చు. లాభం కొంచమే. ఏడాది దాటడం కష్టం. వాడాలా వద్దా అన్నది ఆయన్నే అడుగు తల్లీ."

అడగలేదు. శక్కెర తిన్న ఊళ్లో ఏ నోటితో అడుగుతుంది? మాత్రలు తెచ్చి ఇచ్చింది. నెలకు ఐదు రోజులు వేసుకోవాలి. ఆ ఐదు రోజులే కాదు, ఆ వెనక వారమంతా కురుమయ్య కడుపులో మంచినీళ్లు కూడా నిలవలేదు. కక్కుకుని, మూతి తుడుచుకుని నవ్వేవాడు.

"నెగెటివ్ వచ్చినోనికి గీ కక్కుడు ఒక లెక్కనా బిడ్డా?"

ఆ నవ్వు చూసినప్పుడల్లా తనే చేతులారా విషం పోస్తున్నట్టు ఉండేది మల్లికకు. ఇంగ్లీషు రాక చేసిన తప్పు కాదది, ఆశ కొద్దీ చేసిన తప్పు. దాని బాధ మాత్రం ఆయన పడుతున్నాడు.

రెండో నెల మాత్రలు మొదలుపెట్టాల్సిన పొద్దున, తల్లి పత్తి ఏరబోయినాక, తండ్రి ముందు కూర్చుంది.

"బాపూ, నేను నీకు తప్పు చెప్పిన."

మేస్త్రి ముచ్చటంతా ఏడుస్తూనే చెప్పింది. కురుమయ్య చాలాసేపు తన అరచేతులు చూసుకున్నాడు.

"బొక్క పెడితే పూడుస్తున్నడా?"

"ఆఁ."

"పనిమంతుడే దొరికిండు," అని నవ్వబోయాడు గానీ నవ్వు నిలవలేదు. తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తండ్రి ఏడవడం మల్లిక అంతకు ముందెన్నడూ చూడలేదు.

"గా మాత్రలు ఇగ నాతోని కాదు బిడ్డా," అన్నాడు చివరికి. "ఉన్నన్ని దినాలు ఇంత తిని ఉంట. మీ అమ్మకు మాత్రం చెప్పకు. వాడంత శక్కెర పంచింది. ఏ ముఖం పెట్టుకొని తిరుగుతది?"

"ఎన్ని దినాలు దాస్తం బాపూ?"

"నాకు చాతనైనన్ని."

ఆ నెల మల్లిక మందు పేరుతో ఇచ్చినవి ఉత్త బలం బిళ్లలు. ఈసారి వాంతులు రాలేదు. నాలుగు రోజులకు కురుమయ్యకు ఆకలి పుట్టింది. జొన్నరొట్టె, పుంటికూర తొక్కు అడిగి పెట్టించుకున్నాడు. సైదమ్మ సంబరం చెప్పనలవి కాదు. పొయ్యి ముందు నుంచే గోడవతలి బక్కమ్మను కేకేసింది.

"బక్కమ్మా, మందు పనిచేసిందే! మూడు రొట్టెలు తిన్నడు, మూడు!"

ఆనక మొగుడి వైపు తిరిగింది. "ఇంకొకటి పెట్టనా?"

కురుమయ్యకు గొంతు దాకా నిండిపోయింది. కూతురి వైపు చూడకుండా పళ్లెం ముందుకు జరిపాడు.

"పెట్టు," అన్నాడు.